పప్పు ఉడకని ఊళ్లో నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం

ఏడింటికి పొయ్యి మీద పెట్టిన కందిపప్పు తొమ్మిదైనా ఉడకలేదు. గిన్నెలో నీళ్లు తెర్లుతూనే ఉన్నాయి. రెండుసార్లు ఇగిరిపోతే మళ్లీ పోశాం. అమ్మ గరిటెతో నాలుగు బద్దలు తీసి, ఊది, వేళ్ల మధ్య నలిపి చూసింది. పైన మెత్తబడ్డాయి గానీ లోపల పలుకు అలాగే ఉంది.

"గిదేం పప్పు బిడ్డా, పాతదా?" అంది.

పప్పు పాతది కాదు, మొన్ననే డాలస్‌లో కొన్నది. తప్పు ఊరిది. కొలరాడోలోని ఈ ఎస్టెస్ పార్క్ సముద్రమట్టానికి 7,522 అడుగుల ఎత్తున ఉంది. ఇంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ. అందుకని నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా అంతకు మించి వేడెక్కవు, ఊరికే ఆవిరైపోతాయి. కుక్కర్ ఉంటే ఈ గొడవే లేదు. "పెడతానంటే సూట్‌కేసులో చోటు లేదన్నది మీరేగా" అని మా ఆవిడ. అన్నది నేనే. ఆ చోటులో మూడు జతల బూట్లు పెట్టించాను.

చివరికి ఆ పప్పునే పలచగా చారు చేసుకుని, బిరుసు అన్నంలో ఆవకాయ, పెరుగు కలుపుకుని తిన్నాం. బాపు మాత్రం ఏమీ అనలేదు. ముప్పై రెండేళ్లు ఆర్టీసీ డ్రైవరుగా చేసి, డిపో క్యాంటీన్లలో తిన్న మనిషి. ఆయనకి ఉడకని పప్పు కొత్త కాదు.

అమ్మా బాపూ జులైలో హన్మకొండ నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. డాలస్ ఎండకి వాళ్లు రెండు నెలలు ఏసీ గదిలోనే కూర్చున్నారు. "ఇంట్ల కూసోనీకి గింత దూరం రావాల్నా?" అని బాపు ఒకరోజు అనేసరికి రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ టికెట్లు తీశాను. సెప్టెంబరు నాలుగో వారం, ఆకులు పసుపెక్కే సమయం. పొద్దున డాలస్‌లో విమానం ఎక్కేటప్పుడు 33 డిగ్రీలు. డెన్వర్‌లో దిగి, అద్దె కారు తీసుకుని, బౌల్డర్, లయన్స్ ఊళ్ల మీదుగా కొండెక్కి సాయంత్రం ఇక్కడ దిగేసరికి 8 డిగ్రీలు.

కారు గురించి ఒక మాట. తీసుకున్న గంటకే టైర్లలో గాలి తక్కువని డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. నాకు టెన్షన్. చలికి గాలి కుంచించుకుపోతుంది కదా, అదేనేమో అని నేను. బాపు దిగి నాలుగు టైర్లూ బూటు కాలితో తన్ని చూసి, "ఎనక ఎడమ దాంట్ల తక్కువుంది, మిగతయి మంచిగున్నయ్" అన్నాడు. పెట్రోలు బంకులో గేజీ పెట్టి చూస్తే అచ్చం అంతే.

ఇంకో విచిత్రం మా ఏడేళ్ల పాప చిన్నిది. డాలస్‌లో కొన్న చిప్స్ ప్యాకెట్ కొండెక్కేకొద్దీ బూరెలా ఉబ్బుతూ వచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎప్పుడు పేలుతుందా అని దారంతా చూసింది. పేలలేదు. దానికి అదొక దిగులు.

తలనొప్పిగా ఉంది అందరికీ. నీళ్లు తాగి పడుకున్నాం.

రెండో రోజు, శుక్రవారం

వేసవి నుంచి అక్టోబరు సగం దాకా ఈ పార్కులోకి మనకిష్టమైనప్పుడు వెళ్లడానికి లేదు. టైమ్డ్ ఎంట్రీ అని ముందే సమయం బుక్ చేసుకోవాలి. బేర్ లేక్ వైపు వెళ్లే రోడ్డుకి వేరే పర్మిట్. ధర రెండు డాలర్లే, దొరకడమే కష్టం. సెప్టెంబరు నెలవి ఆగస్టు 1న పొద్దున విడుదల చేస్తారు. మా ఆవిడ తిరుమల దర్శనం టికెట్లు బుక్ చేసిన అనుభవంతో రెండు ఫోన్లు, ఒక లాప్‌టాప్ ముందు పెట్టుకుని 7 గంటల స్లాట్ సంపాదించింది. అలా దొరకనివాళ్ల కోసం ముందు రోజు సాయంత్రం కూడా కొన్ని వదులుతారు.

ఆరున్నరకి బయటికి వస్తే కారు అద్దమంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. గీకేందుకు కారులో ఏమీ లేదు. క్రెడిట్ కార్డు తీస్తుంటే బాపు నన్ను పక్కకి జరిపి చొక్కా జేబులోంచి తన కార్డు తీశాడు. ఆర్టీసీ రిటైర్డ్ ఉద్యోగుల బస్ పాస్, లామినేషన్ చేసింది. అమెరికాలో అది జేబులో ఎందుకుందో నేను అడగలేదు. పై నుంచి కిందికి ఒక్కో పట్టీ గీస్తూ, గీసినప్పుడల్లా అంచు తుడుచుకుంటూ, ఐదు నిమిషాల్లో డ్రైవరు వైపు అద్దం శుభ్రం చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అద్దం మొత్తం సాఫ్ కాకుండ బండి తియ్యద్దు. కొందరు చిన్న కంత చేసుకుని నడుపుతరు" అన్నాడు. ఆ కొందరిలో నేనూ ఉన్నానని ఆయనకి ఎలా తెలుసో.

బేర్ లేక్ 9,475 అడుగుల ఎత్తున ఉంది. చెరువు చుట్టూ నడవడానికి చదునైన బాట. నీళ్ల మీద గాలి లేదు. అవతల హాలెట్ పీక్ కొండ మొండి తలతో నిలబడి ఉంది. ముదురాకుపచ్చ ఫర్, స్ప్రూస్ చెట్ల మధ్య ఒక వాలంతా పసుపు. అమ్మ శాలువా ముక్కుదాకా లాక్కుని అటే చూస్తూ, "తంగేడు పూసినట్టుందిరా" అంది.

అవి ఆస్పెన్ చెట్లు. దగ్గరికి వెళ్తే పూవు కాదు, ఆకు. రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దది, గుండ్రం. రావి ఆకులాగే ఊరికే కదులుతుంది. గాలి తగలకపోయినా కదులుతున్నట్టే ఉంటుంది. చిన్నితో ఒక ఆకు తొడిమె ముట్టించి చూపించాను. మామూలు ఆకు తొడిమె గుండ్రంగా ఉంటుంది, దీనిది బల్లపరుపుగా, పక్కకి తిప్పి నొక్కినట్టుంటుంది. అందుకే చిన్న ఊపిరికి కూడా అటూ ఇటూ ఊగుతుంది. కొమ్మ కింద నిలబడి కళ్లు మూసుకుంటే రేకుల కప్పు మీద సన్నటి తుంపర పడుతున్న చప్పుడు. పసుపు రంగు కూడా కొత్తగా వచ్చి చేరేది కాదట. అది ఆకులో ఎప్పుడూ ఉంటుంది. చలికి పచ్చదనం తయారీ ఆగిపోయాక బయటపడుతుంది. ఇంకో సంగతి కూడా నచ్చింది నాకు. ఆస్పెన్ వేర్ల నుంచే పిలకలేస్తుంది, కాబట్టి వంద చెట్లున్న గుంపు చాలాసార్లు ఒకటే చెట్టు. ఒక గుంపు మొత్తం ఒకేసారి పసుపెక్కి, పక్క గుంపు ఇంకా పచ్చగా ఉండటం అందుకే.

నేను ఇదంతా చెప్తున్నప్పుడే అమ్మ చెయ్యి చాపి చిన్న కొమ్మ వంచింది. మర్నాడు అమావాస్య. ఇండియాలో ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ, తిథి లెక్కకి ఇక్కడ శనివారం సాయంత్రమే. ఆ కొమ్మ దేనికో నాకు అర్థమైంది. కొమ్మ విరగకముందే పార్కు వాలంటీరు ఒకావిడ, అమ్మ వయసే ఉంటుంది, నవ్వుతూ దగ్గరికి వచ్చి వద్దని చేత్తో సైగ చేసింది. ఈ పార్కులో ఆకు, పువ్వు, రాయి, ఏదీ తీసుకోకూడదు.

"గింత అడవిల రెండు కొమ్మలు తెంపుతే ఏమైతది?" అని అమ్మ నన్ను అడిగింది. చిన్నబోయింది కూడా.

నేను చట్టం గురించి ఏదో మొదలుపెట్టాను. మా ఆవిడ అడ్డుపడి, "ఇక్కడికి ఏడాదికి నలభై లక్షల మంది పైనే వస్తారు అత్తయ్యా. తలా రెండు కొమ్మలు" అంది. అమ్మ ఒక్క క్షణం లెక్క వేసుకుంది. మేడారం జాతర చూసిన మనిషికి నలభై లక్షలంటే ఎంతో ఎవరూ చెప్పక్కర్లేదు. "గట్లయితే సరే" అని కొమ్మ వదిలేసింది. అది పైకి లేచి ఊగుతూ నాలుగు ఆకులు రాల్చింది. వాటిని కూడా ముట్టుకోలేదు.

నా ఎక్సెల్ షీటు ప్రకారం ఇక్కణ్ణుంచి నింఫ్ లేక్, డ్రీమ్ లేక్, ఎమరాల్డ్ లేక్, మూడూ చూసి మధ్యాహ్నానికి దిగాలి. మొదటిది అర మైలే. అంతలోనే బాపు ఒక దుంగ మీద కూర్చుండిపోయాడు. ముఖం పాలిపోలేదు, ఛాతీలో నొప్పి లేదు, ఊరికే ఆయాసం. "మీరు పోయి రార్రి" అన్నాడు. అమ్మ, మా ఆవిడ ఆయన దగ్గరే ఆగారు. నేను, చిన్ని డ్రీమ్ లేక్ దాకా వెళ్లాం. చాలా బాగుంది, అందరూ ఫొటోలు తీసే చోటే. ఎమరాల్డ్ వదిలేశాం.

తిరిగి వస్తే బాపు అదే దుంగ మీద ఉన్నాడు. నింఫ్ లేక్ నీళ్ల మీద కలువ ఆకులు తుప్పు రంగుకి తిరిగి, అంచులు పైకి లేచి ఉన్నాయి. ఆయన కాళ్ల దగ్గర ఒక చిప్‌మంక్, మన ఉడుతకి తమ్ముడిలా ఉంటుంది, ప్యాంటు జేబు వాసన చూస్తోంది. జేబులో పల్లీలున్నాయి. పెట్టకూడదని బోర్డు ఉంది. "అరగంట నుంచి బతిలాడుతుంది. నేను పెడ్తలే" అన్నాడు బాపు, ఏదో గెలిచినట్టు.

సాయంత్రం ఐదున్నరకి మొరైన్ పార్క్ వెళ్లాం. పార్క్ అంటే ఇక్కడ కొండల మధ్య విశాలమైన గడ్డిమైదానం. సెప్టెంబరు, అక్టోబరుల్లో సాయంత్రం 5 తర్వాత ఆ గడ్డిలోకి దిగనివ్వరు, రోడ్డు పక్కనుంచే చూడాలి. కారణం ఎల్కులు, అంటే ఒక పెద్ద జాతి జింకలు. ఇది వాటి జత కట్టే కాలం. అప్పటికే రోడ్డు పక్కన రెండు వందల మంది మడత కుర్చీలు వేసుకుని, దుప్పట్లు కప్పుకుని, ఫ్లాస్కుల్లో కాఫీతో కూర్చుని ఉన్నారు. అచ్చం ఊళ్లో ఒగ్గుకథకి కూర్చున్నట్టు.

మొదట అరుపు వినబడింది, జంతువు తర్వాత. లోపల ఎక్కడో గొంతులో మొదలై, పైకి లేచి, ఈలలా సాగి, చివర రెండు మూడు గుర్రులతో ఆగింది. అంత పెద్ద జంతువుకి అంత సన్నటి గొంతు ఏమిటా అనిపించింది. చిన్ని వెంటనే, "కుక్కర్ విజిల్!" అంది. బాపు తల అడ్డంగా ఊపాడు. "కాదు. ఎయిర్ లీకైన బస్సు బ్రేకు" అన్నాడు. ఈ విషయం మీద తాతా మనవరాలూ రాత్రి దాకా తేల్చుకోలేదు.

చెట్ల అంచు నుంచి మగది బయటికి వచ్చింది. మూడు వందల కిలోల పైనే ఉంటుంది. మెడ చుట్టూ ముదురు గోధుమరంగు జూలు, తల మీద అటు ఆరు ఇటు ఆరు కొనల కొమ్ములు. "మన కణుజు లెక్కనే ఉంది, ఇంకింత పెద్దగ" అన్నాడు బాపు. నల్లమలలో రాత్రి బస్సు లైట్ల వెలుగులో చాలాసార్లు చూశాడట. ఇరవై దాకా ఆడవి ప్రశాంతంగా మేస్తున్నాయి. ఈయన మాత్రం ఒక్క గడ్డిపరక ముట్టలేదు. ఒకటి కొంచెం పక్కకి జరిగితే మెడ చాపి ఉరికి దాన్ని గుంపులోకి తోలాలి, ఈలోపు అవతల చెట్లలోంచి ఇంకో మగది అరిస్తే అటు తిరిగి జవాబివ్వాలి, అంతలో ఇటు వైపు ఇంకొకటి జరుగుతుంది. మా ఆవిడ చాలాసేపు చూసి, "పాపం, పెళ్లివారింట్లో ఆడపిల్ల తండ్రిలా ఉన్నాడు" అంది.

పక్కనున్న వాలంటీరు చెప్పినదాన్ని బట్టి, 1880ల నాటికే వేటగాళ్లు ఈ ప్రాంతంలో ఎల్కుల్ని దాదాపు లేకుండా చేశారు. 1913, 14లలో ఎల్లోస్టోన్ వైపు నుంచి కొన్నింటిని తెచ్చి వదిలారు. పార్కు పుట్టింది ఆ తర్వాతే, 1915 జనవరి 26న. ఇవాళ మనం చూసే మంద అంతా అలా దిగుమతైన వాటి సంతానం.

తిరుగుదారిలో అమ్మ మెల్లగా అడిగింది, "పూలు దుకాణంల దొరుకుతయా?" అని. ఎంగిలిపూల బతుకమ్మకి ముందు రోజు తెచ్చి నీళ్లు చల్లి పెట్టిన పూలే కావాలట. సూపర్‌మార్కెట్లో రెండు కుండీల బంతి, మూడు కట్టల చామంతి, ఒక పొద్దుతిరుగుడు కట్ట దొరికాయి. గుమ్మడాకు లేదు. దాని బదులు క్యాబేజీ కొన్నాం.

మూడో రోజు, శనివారం

ఇవాళ ట్రెయిల్ రిడ్జ్ రోడ్. ఎస్టెస్ పార్క్ నుంచి కొండల అవతలి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్లు. 1930ల మొదట్లో పూర్తయింది. అందులో 11 మైళ్లు చెట్లు పెరగలేని ఎత్తులో నడుస్తుంది. శిఖరాల మీద రాత్రి మంచు పడిందని పొద్దున రోడ్డు మూసేశారు. మెనీ పార్క్స్ కర్వ్ దగ్గర గేటు ముందు గంటన్నర కూర్చున్నాం. మంచు తోసే బండి దిగి వచ్చాక పదకొండున్నరకి వదిలారు.

రోడ్డు మొదలవగానే బాపు ముందు సీట్లోకి వచ్చి బెల్టు బిగించుకున్నాడు. ఆయన అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం బస్సు నడిపినవాడు. దోమలపెంట దాటాక వచ్చే ఘాట్ మలుపులు ఆయనకి ఇప్పటికీ కంఠతా వచ్చు. నేను డాలస్‌లో పదకొండేళ్లుగా కారు నడుపుతున్నాను. అక్కడ ఎత్తు అంటే ఫ్లైఓవరే.

రెయిన్‌బో కర్వ్, 10,829 అడుగులు. అక్కణ్ణుంచి చెట్లు కురచవుతాయి. స్ప్రూస్ చెట్లు నా నడుం దాకా, తర్వాత మోకాలి దాకా, గాలి వీచే వైపు కొమ్మలే లేకుండా, అన్నీ ఒకే దిక్కుకి దువ్వినట్టు. 11,400 అడుగులు దాటాక అవీ లేవు. రాళ్లు, ఎర్రబారిన గడ్డి, గుంటల్లో కొత్త మంచు. కుడి వైపు కొండ, ఎడమ వైపు ఏమీ లేదు. చాలా చోట్ల రెయిలింగ్ కూడా లేదు. మా ఆవిడ వెనక సీట్లో కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా అందుకుంది. బాపు మాత్రం ఎడమ వైపు చూడనే లేదు. ఆయన చూపంతా నా చేతుల మీద, రోడ్డు మీద.

ఫారెస్ట్ కాన్యన్ దగ్గర దిగి నడవబోతే గాలికి కారు తలుపు నా చేతిలోంచి ఊడిపోయినంత పనైంది. చిన్నిని గట్టిగా పట్టుకున్నాను. కింద లోయ, అవతల వరుసగా శిఖరాలు, ఒక్కోదాని మీద అర్ధచంద్రంలా తవ్విన గుంటలు. పాత హిమానీనదాలు కొరికిన గుర్తులు. రెండు నిమిషాల్లో చెవులు నొప్పెట్టి కారులోకి పరిగెత్తాం. 'పరిగెత్తాం' అన్నది మాట వరసకే, ఆ ఎత్తులో పది అడుగులు వేగంగా వేస్తే గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. 12,000 అడుగుల దగ్గర పీల్చే ప్రతి ఊపిరిలో సముద్రమట్టంలో దొరికే ఆక్సిజన్‌లో మూడింట రెండొంతులే ఉంటుంది.

రోడ్డు గరిష్ఠ ఎత్తు 12,183 అడుగులు. అది దాటుతున్నప్పుడు మాకెవరికీ తెలియలేదు. అక్కణ్ణుంచి కొంచెం దిగితే 11,796 అడుగుల దగ్గర ఆల్పైన్ విజిటర్ సెంటర్. అమెరికా నేషనల్ పార్కుల్లో ఇంత ఎత్తున్న విజిటర్ సెంటర్ ఇంకోటి లేదు. అమ్మ వేడి చాక్లెట్ తాగి "బూస్టు లెక్కనే ఉంది" అంది. అంతే, అక్కడ జనం ఎక్కువ, చెప్పుకోడానికి ఇంకేమీ లేదు.

అసలు కథ దిగడంలో ఉంది. పశ్చిమం వైపు దిగుతూ నేను మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాను. నాలుగు మైళ్లయ్యాక కాలిన రబ్బరు వాసన.

"ఆపు" అన్నాడు బాపు.

ఆపాను. ఆయన దిగి ముందు చక్రం దగ్గర వంగి, ముట్టుకోకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. కర్రల పొయ్యి సెగ చూసినట్టు. తిరిగి వచ్చి కూర్చుని గేర్ లివర్ పక్కనున్న 'ఎల్' అక్షరం మీద వేలు పెట్టాడు.

"గిదేంది?"

నాకు తెలియదు. పదకొండేళ్లలో ఒక్కసారీ వాడలేదు.

"లో గేరు. మీదికి ఏ గేరుల ఎక్కినవో కిందికి గదే గేరుల దిగాలె. బండిని ఇంజన్ పట్టుకోవాలె, బ్రేకు కాదు. బ్రేకు ఆపనీకి, దింపనీకి కాదు."

పది నిమిషాలు బ్రేకులు చల్లారనిచ్చి, ఎల్‌లో వేసి వదిలితే కారు మూలిగి తనంతట తనే వేగం తగ్గించుకుంది. మలుపుకి ముందు ఒక్కసారి తాకితే చాలు. మా ఆవిడ చాలీసా ఆపి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి బాపు కారు ఎంత ఇస్తోందని అడిగాడు. గ్యాలన్‌కి 24 మైళ్లని తెర మీద చూపించాను. లీటరుకి ఎన్ని కిలోమీటర్లో వేళ్ల మీద లెక్క వేసి, "కేఎంపీఎల్ పది. మా బస్సుకు అయిదొస్తే మేనేజరు మెచ్చుకునేటోడు" అన్నాడు.

మిల్నర్ పాస్ దగ్గర కాంటినెంటల్ డివైడ్ బోర్డు ఉంది. ఖండానికి వెన్నుపూస ఇదే. పక్కనున్న పూడ్ర్ లేక్ నీళ్లు తూర్పుకి పారి, ప్లాట్, మిసోరీ, మిసిసిపీ నదుల్లో కలుస్తూ గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరతాయి. రోడ్డుకి ఇటు పడ్డ చినుకు కొలరాడో నదిలోకి, పశ్చిమానికి. "గోదారి కూడ గంతేగద" అన్నాడు బాపు. అరేబియా సముద్రం పక్కనే నాసిక్ దగ్గర పుట్టి, దానికి వీపు చూపించి తూర్పుకి వెయ్యి మైళ్లకు దగ్గరగా నడుస్తుంది. బాపుకి త్రయంబకం టూరు బస్సు వేసినప్పటి నుంచీ ఆ ఆశ్చర్యం ఉంది.

కిందికి దిగితే కవునీచీ లోయ. ఆ పేరు అరాపహో తెగవాళ్ల మాట, కయోటీ అనే అడవి కుక్క మీద పెట్టింది. ఇక్కడ అడవి ఒక్కసారిగా మారిపోతుంది. కొండవాలు పొడవునా నల్లగా కాలిన మొద్దులు, కొరివి కట్టెలు నిలబెట్టినట్టు. 2020 అక్టోబరులో ఈస్ట్ ట్రబుల్‌సమ్ అనే కార్చిచ్చు ఒక్క రోజులోనే లక్ష ఎకరాలకు పైగా మింగి, చెట్టన్నదే లేని రాతి శిఖరాల్ని నిప్పురవ్వలతో దాటేసి తూర్పు వైపుకి దూకింది. అప్పుడు ఎస్టెస్ పార్క్ ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. మొత్తం కాలింది 1,93,000 ఎకరాల పైమాటే. మొద్దుల కింద ఇప్పుడు మోకాలెత్తు ఆస్పెన్ పిలకలు పసుపుగా ఉన్నాయి.

కయోటీ వ్యాలీ బాట దగ్గర కొలరాడో నది ఉంది. నది అని బోర్డు చెప్తే నమ్మాలి. మా ఊరి వాగంత. మోకాలి లోతు, గులకరాళ్లు కనబడుతూ. ఇదే ఇంకా కిందికి పోయి గ్రాండ్ కాన్యన్ని కోసింది, 1,450 మైళ్లు పారుతుంది. దారిలో ఊళ్లూ పొలాలూ తాగేస్తే ఇప్పుడు చాలా ఏళ్లు సముద్రం దాకా చేరనే చేరదు. అమ్మ చెప్పులు విప్పి, చలికి అబ్బా అనుకుంటూ, నీళ్లు నెత్తిన చల్లుకుంది. మూస్ అనే భారీ జింక కనబడుతుందని చిన్నికి మాటిచ్చాను. కనబడలేదు. ఆ అప్పు ఇంకా నా మీద ఉంది.

వచ్చిన దారినే వెనక్కి. ఈసారి దిగేటప్పుడు వాసన రాలేదు.

ఆరున్నరకి అమ్మ క్యాబిన్ వంటింట్లో కూర్చుంది. పిజ్జా పళ్లెం మీద క్యాబేజీ ఆకులు పరిచి, చామంతి, బంతి వరసలు గుండ్రంగా పేర్చుకుంటూ, మధ్యలో చామంతి కాడలు, ఆకులు కత్తిరించి కూరి నింపింది. వరస వరసకీ అరచేత్తో అదిమి, బిగువు చూసి, పైకి సన్నం చేసింది. మా ఆవిడ కుడి వైపు కూర్చుని కాడలు ఒకే కొలతకి తుంచి అందించింది. వాళ్ల గుంటూరులో ఈ పండగ లేదు. నాలుగో వరసకి అమ్మ కన్నా ముందే ఏ రంగు కావాలో తీసి పెడుతోంది. శిఖరాన పసుపు గౌరమ్మ. నువ్వులు, బియ్యప్పిండి, బెల్లం కలిపి నైవేద్యం.

క్యాబిన్ వెనక చెక్క వరండా మీద పెట్టాం. 3 డిగ్రీలు. అమావాస్య కదా, కొండలు కూడా కనబడటం లేదు. పైన మాత్రం పాలపుంత ముగ్గు చెదిరినట్టుంది. అమ్మ పాట ఎత్తుకుంది. డాలస్‌లో తెలుగువాళ్ల బతుకమ్మలకి వెళ్లిన చిన్నికి చప్పట్ల లెక్క బాగానే వచ్చు. వాళ్ల అమ్మకే తప్పుతోంది. ముగ్గురూ స్వెటర్ల మీద శాలువాలు, తలకి ఉన్ని టోపీలతో తిరుగుతుంటే, మూడో పాటలో ఏటి అవతల నుంచి ఎల్క్ అరిచింది, చాలా దగ్గరగా. అమ్మ ఆగింది. అది చివరి గుర్రు కూడా పూర్తి చేసేదాకా ఉండి, వదిలిన చోటు నుంచే పాట అందుకుంది.

ఏట్లో వదలడం కుదరదు. ఎర్ర బకెట్లో నిమజ్జనం చేశాం.

నాలుగో రోజు, ఆదివారం

పొద్దున బాపు మళ్లీ బస్ పాసు తీశాడు. లామినేషన్ ఒక మూల లేచిపోయింది. బకెట్లో పూలు వడకట్టి, ఆరబెట్టి, అమ్మ సంచిలో కట్టుకుంది. డాలస్ పెరట్లో మొక్కలకి వేస్తుందట. క్యాబిన్ తాళం పెట్టెలో వేసి తొమ్మిదింటికి బయల్దేరాం.

లయన్స్ దాకా వాలు. నేను ఎల్‌లోనే దించాను. బాపు సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు. ఆయన నా పక్కన కూర్చుని నిద్రపోవడం ఈ ప్రయాణంలో అదే మొదటిసారి. చిప్స్ ప్యాకెట్ మెల్లగా మామూలైంది.

అద్దె కారు తిరిగి ఇచ్చే చోట ఒక కుర్రాడు చేతిలో స్కానర్‌తో వచ్చాడు. బాపు దిగి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. టైర్లు నాలుగూ తన్నాడు, ముందు చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని, కుర్రాడి చేతిలో తనే పెట్టి, "బ్రేకులు మంచిగున్నయ్. ఎనక ఎడమ టైరు చూసుకోర్రి" అని తెలుగులో చెప్పాడు. కుర్రాడు నవ్వి బొటనవేలు చూపించాడు.

బాపు కదల్లేదు. నా వైపు తిరిగి అడిగాడు, "లాగ్‌షీటేది? సంతకం యాడ పెట్టాలె?"